పోకర్ బల్ల దగ్గర ప్రత్యర్థికి పెట్టే పేర్లు, పాటించే మర్యాదలు

పోకర్‌లో ఆటగాడు తలపడేది క్యాసినోతో కాదు, అదే బల్ల చుట్టూ కూర్చున్న మిగతా ఆటగాళ్లతో. రూలెట్‌లో పోయిన డబ్బు క్యాసినో గల్లాలోకి చేరుతుంది. పోకర్‌లో మాత్రం క్యాసినో ప్రతి పాట్ నుంచి, అంటే ఆటగాళ్లంతా కట్టిన పందెం మొత్తం నుంచి, రేక్ అనే కొద్దిపాటి రుసుము తీసుకొని పక్కకు తప్పుకుంటుంది, మిగిలినదంతా ఆటగాళ్ల మధ్యనే చేతులు మారుతుంది. కాబట్టి నిలకడగా గెలిచేవాడు ఒకడు ఉండాలంటే నిలకడగా ఓడేవాళ్లు కొందరు ఉండి తీరాలి. అంతేకాదు, ఆ ఓడేవాళ్లు రేపు కూడా వచ్చి అదే బల్ల దగ్గర కూర్చోవాలి. ప్రత్యర్థుల గురించి ఆటగాళ్లు వాడే పేర్లు, ఆ పేర్లను ఎక్కడ పలకాలి, ఎక్కడ నోటిదాకా వచ్చినా మింగెయ్యాలి అన్న కట్టుబాట్లు, రెండూ ఈ లెక్కలోంచే పుట్టాయి.

ఆ పేర్లు చూడటానికి ఒకే రకంగా కనిపించినా వాటిలో రెండు తరగతులు ఉన్నాయి. కొన్ని పేర్లు ఎదుటివాడు ఎలా ఆడుతున్నాడో చెబుతాయి. మరికొన్ని అతని నుంచి ఎంత రాబట్టుకోవచ్చో చెబుతాయి. మొదటి తరగతి పరిశీలన, రెండవది వెలకట్టడం. ఈ రెండింటినీ కలిపేసుకున్న ఆటగాడు మర్యాద తప్పడమే కాదు, ఆటనూ తప్పుగా చదువుతాడని నా అభిప్రాయం. దాన్ని నిరూపించే ఉదాహరణలు పోకర్ చరిత్రలోనే కావలసినన్ని ఉన్నాయి.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఎక్కువమంది ఆడే టెక్సాస్ హోల్డెమ్‌లో ప్రతి ఆటగాడికీ మూసిన ముక్కలు రెండు పంచుతారు; అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు బల్ల మధ్యలో తెరుస్తారు. ఆ ఐదింటిలో మొదటి మూడు ఒకేసారి పడతాయి, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాతివి ఒకటొకటిగా వస్తాయి. మొత్తం నాలుగు విడతలుగా పందెం సాగుతుంది. పందెం తన ముందుకు వచ్చినప్పుడు ఆటగాడు ముక్కలు పారేయవచ్చు, అంతే మొత్తం పెట్టి కొనసాగవచ్చు, లేదా పెంచవచ్చు. వీటినే ఫోల్డ్, కాల్, రైజ్ అంటారు.

ప్రత్యర్థిని చదవడానికి ఆటగాళ్లు ముందుగా రెండు ప్రశ్నలు వేసుకుంటారు: పంచిన ముక్కల్లో ఎన్నింటితో ఆటలోకి దిగుతాడు, దిగాక తాను పందెం నడిపిస్తాడా లేక ఎదుటివాడు నడిపిస్తే వెంట పోతాడా? తక్కువ ముక్కలతో మాత్రమే దిగేవాడు టైట్, ఎక్కువ వాటితో దిగేవాడు లూజ్. ఆచితూచి దిగి, దిగాక దూకుడుగా ఆడేవాణ్ణి ట్యాగ్ (టైట్-అగ్రెసివ్) అనీ, విరివిగా దిగి దూకుడుగా ఆడేవాణ్ణి లాగ్ (లూజ్-అగ్రెసివ్) అనీ పిలుస్తారు. లాగ్ అదుపు తప్పితే మేనియాక్ అవుతాడు. మంచి ముక్కలు పడేదాకా కదలనివాడు రాక్, ఆ పిసినారితనం ఇంకా ముదిరితే నిట్. ఆన్‌లైన్ ఆటలో దీన్ని శాతాల్లో కొలుస్తారు. తనంతట తాను డబ్బు పెట్టి ఆటలోకి దిగిన సందర్భాల శాతాన్ని వీపిప్ అంటారు. ఆరుగురు కూర్చునే బల్ల దగ్గర నైపుణ్యం గల ఆటగాడి వీపిప్ సాధారణంగా 20లలో ఉంటుంది. 15కు దిగువన ఉన్నవాణ్ణి నిట్‌గా, 40 దాటినవాణ్ణి అనుభవం లేనివాడిగా లెక్కవేస్తారు.

ఈ తరగతిలో నాకు అన్నిటికంటే ఉపయోగకరంగా కనిపించే పేరు కాలింగ్ స్టేషన్. విరివిగా ఆటలోకి దిగుతాడు గానీ పందెం తాను పెంచడు, ఎవరు ఎంత పెట్టినా కాల్ చేసి చివరిదాకా చూస్తాడు. ఒక సందర్భం తీసుకుందాం. పాట్‌లో 100 డాలర్లు ఉన్నాయి, చివరి ముక్క పడింది, నా చేతిలో ఏమీ కుదరలేదు. నేను 50 డాలర్లు పెట్టి బ్లఫ్ చేస్తే, అంటే మంచి ముక్కలున్నట్టు నటిస్తే, ఆ 50తో 100 గెలవజూస్తున్నాను. కాబట్టి ఎదుటివాడు మూడింట ఒకసారి ఫోల్డ్ చేసినా నాకు నష్టం ఉండదు. మామూలు ఆటగాడి మీద ఇది చెల్లుబాటయ్యే బ్లఫ్. ఎదురుగా ఉన్నది కాలింగ్ స్టేషన్ అయితే అతను పదింట ఒకసారి కూడా ఫోల్డ్ చేయడు, నా 50 డాలర్లు ఊరికే పోతాయి. అదే నా చేతిలో ఓ మోస్తరు జత ఉంటే, మరొకడి మీద పందెం కట్టడానికి జంకే చోట ఇతని మీద ధైర్యంగా కట్టవచ్చు, ఎందుకంటే అంతకంటే చిన్న జతతో కూడా కాల్ చేస్తాడు. చూడండి, ఈ పేరులో తిట్టు ఏమీ లేదు. ఏం చేయాలో, ఏం చేయకూడదో అది నేరుగా చెబుతుంది.

ఆడిన హ్యాండ్‌ను, అంటే ఒక పంపకంలో సాగిన ఆటను, తర్వాత నలుగురిలో చర్చించేటప్పుడు వాడే పేర్లు ఇంకా నిర్మలమైనవి. చెబుతున్న ఆటగాడు హీరో, ఎదుటివాడు విలన్. ప్రత్యర్థి ప్రపంచ విజేత అయినా, మొదటిసారి కూర్చున్న కుర్రవాడైనా విలనే. అందులో మంచి చెడ్డల ప్రసక్తి ఉండదు.

వెలకట్టే పేర్ల సంగతి వేరు. వీటిలో పెద్దది ఫిష్, అంటే దీర్ఘకాలంలో ఓడిపోయే ఆటగాడు. అతని మీద బతికేవాడు షార్క్. చేతిలో అపారమైన డబ్బు ఉండి, పోయినా లెక్కచేయని సంపన్నుడు వేల్, అంటే తిమింగలం. ఈ మాట పోకర్‌కే పరిమితం కాదు, భారీ పందాలు కాసే ఖాతాదారును క్యాసినోలన్నీ అలాగే పిలుస్తాయి. తెలివితక్కువగా ఆడాడని కోపం వచ్చినప్పుడు వాడే మాట డాంకీ. ఇవేవీ ఇంటర్నెట్ యుగంలో మొలిచినవి కావు. ఇంగ్లండులో కొన్ని శతాబ్దాల కిందటే జూదంలో మోసపోయేవాణ్ణి పావురమనీ, మోసగాణ్ణి రూక్ అనే కాకిజాతి పక్షి పేరుతోనూ పిలిచేవారు. పావురం ఈకలు పీకడమంటే అమాయకుణ్ణి దోచుకోవడం. ఆ తర్వాత షార్ప్ (మోసగాడు), ఫ్లాట్ (మోసపోయేవాడు) అనే జంట వాడుకలోకి వచ్చింది. పంతొమ్మిదవ శతాబ్దంలో మిసిసిపీ నది పడవల మీద పేకాటే వృత్తిగా తిరిగినవాళ్లకు ప్రయాణికులు సక్కర్లు, అంటే సులువుగా మోసపోయేవాళ్లు. పేరు మారినప్పుడల్లా జంతువు మారిందేమో గానీ, వేటాడేవాడు, వేటకు చిక్కేవాడు అన్న చట్రం మాత్రం మారలేదు. మన పేకాట శిబిరాల్లో కొత్తగా వచ్చిన డబ్బున్నవాణ్ణి చూసి బకరా దొరికాడనుకోవడం కూడా ఆ బాపతే.

ఈ చూపు ఆటను ఎలా చెడగొడుతుందో చెప్పడానికి డాంక్ బెట్‌ను మించిన ఉదాహరణ లేదు. ఒకడు రైజ్ చేశాడు, బిగ్ బ్లైండ్ స్థానంలో (ముక్కలు చూడకముందే నిర్ణీత పందెం కట్టవలసిన స్థానం) ఉన్నవాడు కాల్ చేశాడు, ఫ్లాప్ పడింది. ఇప్పుడు మొదటి వంతు కాల్ చేసినవాడిదే, అయినా అతను పందెం కట్టకుండా చెక్ అని ఊరుకొని, రైజ్ చేసినవాడికి అవకాశం ఇవ్వడం ఆనవాయితీ. అలా ఆగకుండా తానే ముందుగా పందెం కడితే అది గాడిద పని అన్న అర్థంలో డాంక్ బెట్ అనే పేరు పెట్టారు. ఏళ్ల తరబడి నిపుణులు తమ శిష్యులకు దాన్ని చేయవద్దనే నేర్పారు. 2015 ప్రాంతంలో పయోసాల్వర్ వంటి, సరైన ఎత్తును లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు సామాన్య ఆటగాళ్లకు కూడా అందుబాటులోకి వచ్చాక లెక్క తిరగబడింది. మొదటి స్థానాల నుంచి రైజ్ చేసినవాడి దగ్గర ఎక్కువగా పెద్ద జతలు, ఆసుతో కూడిన పెద్ద ముక్కలు ఉంటాయి. ఫ్లాప్‌లో ఆరు, ఐదు, నాలుగు పడ్డాయనుకోండి. ఎనిమిది-ఏడు, ఆరు-ఐదు, నాలుగుల జత వంటివి బిగ్ బ్లైండ్ దగ్గరే ఎక్కువగా ఉండే వీలుంది. అలాంటి చోట అతను తానే ముందు పందెం కట్టడం చాలాసార్లు సరైన ఆటేనని ఆ ప్రోగ్రాములు తేల్చాయి. ఇవాళ అగ్రశ్రేణి ఆటగాళ్లు నిస్సంకోచంగా డాంక్ బెట్ కడుతున్నారు. అయినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది. అనుభవం లేనివాళ్లు చేస్తున్నారన్న ఒకే కారణంతో ఒక ఎత్తును పరీక్షించకుండానే తోసిపుచ్చడం వల్ల, లెక్కలు బాగా తెలిసినవాళ్లు కూడా అన్నేళ్లు దాని విలువను చూడలేకపోయారు.

మనిషి విషయంలో ఇదే పొరపాటు ఇంకా ఖరీదు పడింది. టెక్సాస్ బ్యాంకర్ ఆండీ బీల్ 2001లో లాస్ వేగస్‌లోని బెలాజియో క్యాసినోకు వచ్చి, అక్కడి మేటి ఆటగాళ్లతో ఒంటికి ఒంటి ఆడతానన్నాడు. బయటివాళ్ల లెక్కలో అతను వేల్. కానీ అతను గణితం మీద ఆసక్తి ఉన్నవాడు, తన ఆటను తానే లెక్కలు కట్టి దిద్దుకున్నాడు. పైగా పందెం స్థాయిని ఎదుటివాళ్లకు గుండె దడ పుట్టేంతగా పెంచితే వాళ్ల నైపుణ్యం సన్నగిల్లుతుందని గ్రహించాడు. ఆ స్థాయిని ఒక్కరుగా తట్టుకోలేక డాయిల్ బ్రన్సన్, జెనిఫర్ హార్మన్ వంటి వృత్తి ఆటగాళ్లు డబ్బును ఒకచోట కలిపి, వంతులవారీగా అతనితో ఆడవలసి వచ్చింది. 2004 మే నెలలో ఒకే రోజున బీల్ వాళ్ల నుంచి కోటీ 17 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. 2006 ఫిబ్రవరిలో మళ్లీ గెలుపు బాట పట్టినప్పుడు ఆ బృందం తరఫున ఫిల్ ఐవీ మూడు రోజుల పాటు ఎదురు కూర్చొని కోటీ 66 లక్షల డాలర్లు వెనక్కు రాబట్టాడు. చివరి లెక్కలో ఎవరు లాభపడ్డారన్నది పక్కనబెడితే, అతన్ని దోచుకోదగిన సొమ్ముగా మాత్రమే చూసి కూర్చున్నవాళ్లకు అన్ని లక్షలు కరిగాక గానీ ఎదురుగా ఆటగాడు కనిపించలేదు.

ఇప్పుడు మర్యాదల దగ్గరికి వద్దాం. అక్వేరియం అద్దం మీద తట్టవద్దన్నది పోకర్ గదుల్లో అందరికీ తెలిసిన హితవు. ఎవరైనా తప్పుగా ఆడి గెలిస్తే అతని తప్పును ఎత్తిచూపకూడదు, వెక్కిరించకూడదు, పాఠం చెప్పకూడదు, ఫిష్ అన్న మాట అతని చెవిన పడనివ్వకూడదు. సిగ్గుపడ్డ మనిషి రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తాడు: లేచి వెళ్లిపోతాడు, లేదా తప్పు దిద్దుకుంటాడు. రెండూ గెలిచేవాడికి నష్టమే. అంటే ఈ హితవు మూలంలో దయ లేదు, వ్యాపారం ఉంది. అంత మాత్రాన దాన్ని కొట్టిపారేయలేను. దాని పుణ్యాన బల్ల దగ్గర కూర్చున్న కొత్తవాడు అవమానం నుంచి తప్పించుకుంటున్నాడు.

నోరు కట్టుకోవడం ఎందుకంత కష్టమో కూడా అర్థం చేసుకోవాలి. ముక్కలు పంచగానే ఒకరి దగ్గర ఆసుల జత, మరొకరి దగ్గర రాజుల జత ఉండి, ఇద్దరూ ఉన్న డబ్బంతా పెట్టేశారనుకుందాం. ఆసుల జత గెలిచే అవకాశం దాదాపు 82 శాతం. అంటే ఇంత గొప్ప ఆధిక్యం ఉన్నా సుమారు ఐదారుసార్లకు ఒకసారి ఓటమి తప్పదు. బలహీనమైన ముక్కలతో ఉండి కూడా అదృష్టంతో గెలిచే ఆ కొన్ని సందర్భాలే కొత్త ఆటగాణ్ణి మళ్లీ రప్పిస్తాయి; అవి లేకపోతే చదరంగంలో మాదిరిగా బలహీనుడు ప్రతిసారీ ఓడి, నెల తిరగకుండా మానేస్తాడు. తన ముక్కల మీద మరొకడికి అదృష్టం కలిసొచ్చిందని మండిపడేవాడు తన జీవనాధారం మీదనే మండిపడుతున్నాడు. 1989 ప్రపంచ విజేత ఫిల్ హెల్మ్యూత్ ఇలా ఓడినప్పుడల్లా ప్రత్యర్థుల మీద విరుచుకుపడటం టీవీలో లక్షలమంది చూశారు, పోకర్ బ్రాట్ అన్న పేరు ఆయనకు అలా స్థిరపడింది. ఆ దృశ్యాలు వినోదమే కావచ్చు, అయితే వాటిని చూసి నేర్చుకున్నవాళ్లు చిన్న చిన్న బల్లల దగ్గర మామూలు మనుషుల మీద అదే ధోరణి చూపినప్పుడు అది మొరటుతనమే అవుతుంది.

కొత్తవాళ్లు రావడం ఈ ఆటకు ఎంత ప్రాణమో 2003 చూపింది. టెనెసీకి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ ఆన్‌లైన్‌లో 86 డాలర్ల అర్హత పోటీ గెలిచి, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ప్రవేశించి, 838 మందిని దాటుకొని 25 లక్షల డాలర్లు గెలుచుకున్నాడు. నిపుణుల దృష్టిలో అతను ఆ రోజు ఆటలో ఉండవలసినవాడే కాదు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు, 2005లో 5,619 మంది, 2006లో 8,773 మంది. తమలాంటివాడు గెలిచాడు కాబట్టే వాళ్లంతా వచ్చారు. తర్వాతి దశాబ్దంలో ఎందరో వృత్తి ఆటగాళ్లు సంపాదించిన డబ్బు ఆ రాకలోంచి వచ్చినదే.

మర్యాదల్లో కొన్ని ఇప్పుడు లిఖిత నియమాలయ్యాయి. టోర్నమెంట్లలో తోటి ఆటగాణ్ణి దుర్భాషలాడితే హెచ్చరికతో మొదలై, కొన్ని రౌండ్ల పాటు ఆటకు దూరంగా ఉంచడం, చివరికి అనర్హత దాకా శిక్షలు ఉన్నాయి. గెలిచిన డబ్బులో కొంత తీసి జేబులో వేసుకొని మిగతాదానితో ఆడటాన్ని చాలా గదులు అనుమతించవు. కొన్ని మాత్రం ఇప్పటికీ మనిషి సంస్కారానికే వదిలేశారు. వాటిలో అందరూ ముక్తకంఠంతో ఖండించేది స్లో రోల్: తిరుగులేని ముక్కలు చేతిలో ఉంచుకొని, ఓడినట్టు నటిస్తూ తాత్సారం చేసి, ఎదుటివాడు గెలిచానని పాట్ వైపు చేయి చాచాక మెల్లగా తెరవడం. దీనివల్ల ఒక్క రూపాయి అదనంగా రాదు, మనిషిని బాధపెట్టడం తప్ప మరో ప్రయోజనం లేదు. పోకర్‌లో అబద్ధమాడటం ఆటలో భాగమే, దానికెవరూ నొచ్చుకోరు. ఫలితం తేలిపోయాక కూడా ఆడించే అబద్ధాన్నే క్షమించరు.

ఫిష్ అన్న మాట నోటితో అనకుండానే ముఖం మీద కొట్టినట్టు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. ఓడుతున్న ఔత్సాహికుడు లేచిన మరుక్షణం బల్ల చుట్టూ ఉన్న మిగతావాళ్లంతా లేచిపోవడం. అతను చిప్స్ మార్చుకోవడానికి కౌంటర్ దాకా వెళ్లి వెనక్కి చూస్తే బల్ల ఖాళీ. ఇంతసేపూ ఆట దేనికోసం సాగిందో అప్పుడు అతనికి అర్థమవుతుంది. ఆన్‌లైన్‌లో ఇది బమ్ హంటింగ్ అనే ప్రత్యేక విద్యగా ముదిరింది: బలహీనుల పేర్లు గుర్తుపెట్టుకొని, వాళ్లు కూర్చున్న బల్ల దగ్గర మాత్రమే కూర్చోవడం, మిగతావాళ్లు ఎదురొస్తే ఆడకుండా తప్పుకోవడం. 2019లో పార్టీపోకర్ సంస్థ ప్రత్యర్థుల గణాంకాలను తెరమీద చూపే బయటి సాఫ్ట్‌వేర్‌ను నిషేధించి, ఆటగాళ్ల చేత మారుపేర్లు కూడా మార్పించింది. మర్యాద చేయలేని పనిని నియమం చేత చేయించవలసి వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. సంపన్నులు ఇళ్లలో నడిపించుకునే భారీ పందాల ఆటల్లో ఫిష్ అవమానకరమైన పేరు కాదు, నిట్ అవమానకరమైన పేరు. అక్కడ ఎవరిని పిలవాలో నిర్వాహకుడు నిర్ణయిస్తాడు. కదలకుండా కూర్చొని, ఆసులు పడితే తప్ప పైసా పెట్టని నిపుణుణ్ణి మళ్లీ పిలవడు. ఏడు-రెండు వంటి పనికిమాలిన ముక్కలతో గెలిచినవాడికి అందరూ బహుమానం చెల్లించాలని, ఇచ్చిన గడువులో ఒక్క పాట్ కూడా గెలవనివాడు జరిమానా కట్టాలని పెట్టుకునే సరదా పందాలు కూడా నిట్‌ను కదిలించడానికి పుట్టినవే. వెలకట్టే అధికారం చేతులు మారితే తిట్టు కూడా మారుతుంది.

వయసును బట్టి పెట్టే పేరు నాకు అన్నిటికంటే ఇబ్బంది కలిగిస్తుంది. అమెరికా పోకర్ గదుల్లో పగటిపూట కాఫీ కప్పుతో కూర్చొని, మంచి ముక్కల కోసం గంటల తరబడి ఎదురుచూసే పెద్దవాణ్ణి ఓల్డ్ మ్యాన్ కాఫీ అంటారు. అతను రీరైజ్ చేశాడంటే ఆసులో రాజులో ఉన్నట్టేనని కుర్రవాళ్లు రాణుల జతను కూడా పారేస్తారు. చాలాసార్లు ఆ అంచనా నిజమే అవుతుంది. కానీ అది ఆట చూసి కాక, నెరిసిన జుట్టు చూసి వేసిన అంచనా అయినప్పుడు పరిశీలన అనే పేరుకు తగదు. తనను అందరూ అలా చూస్తున్నారని తెలిసిన పెద్దాయన వట్టి చేతులతో రీరైజ్ చేసి పాట్ ఎగరేసుకుపోవడానికి అడ్డేమీ లేదు.

తెలుగు నేలతో ఈ విషయానికి ఉన్న ముడి ఎక్కువగా చట్టం తరఫున ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అనీ, మూడు ముక్కలాట అలాంటిది కాదనీ చెప్పింది. ఆ తీర్పు ఆసరాగానే తర్వాతి కాలంలో పోకర్ కూడా నైపుణ్యమేనన్న వాదన దేశమంతటా సాగింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందాలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశవ్యాప్తంగా మూయించింది. ఈ నిషేధాల వెనుక అప్పులపాలైన కుటుంబాలు ఉన్నాయి. దీర్ఘకాలంలో ఓడే ఆటగాడు అన్న నిర్వచనంలో, సరదాకు కొంత సొమ్ము కేటాయించుకొని దాన్ని పోగొట్టుకునే మనిషి, ఇంటి అద్దె డబ్బుతో కూర్చొని లేవలేకపోతున్న మనిషి ఇద్దరూ ఇమిడిపోతారు. ఆ తేడా చూపించే పేరు పోకర్ పరిభాషలో లేదు. మొదటివాడితో మర్యాదగా ఉంటే చాలు. రెండవవాడు మళ్లీ వచ్చేలా నవ్వుతూ పలకరించడాన్ని నేను మర్యాద అని అనలేను.

పోకర్ సంస్థలు ఇటీవల ఫిష్ బదులు రిక్రియేషనల్ అనీ, దాన్ని కుదించి రెక్ అనీ అంటున్నాయి. మాట మెత్తబడింది. అయితే ఇప్పుడు ఆట బల్ల దగ్గరే ముగియడం లేదు. మూసిన ముక్కలను ప్రేక్షకులకు చూపే కెమెరాలు వచ్చాక, అనేక క్యాసినోలు తమ ఆటలను యూట్యూబ్‌లో ప్రసారం చేస్తున్నాయి. ఎదుటివాళ్లెవరూ పల్లెత్తు మాట అనకపోయినా, వ్యాఖ్యాత నవ్వూ, పక్కన దొర్లే చాట్‌లో వందలమంది పెట్టే పేర్లూ ఆ ఔత్సాహికుడు ఇంటికి వెళ్లి వీడియో తెరిస్తే కనిపిస్తాయి. కొందరు వ్యాఖ్యాతలు తప్పుగా ఆడినవాడి ఆటను విడమరచి చెబుతూనే, ఆ స్థితిలో అతనికి ఏం కనిపించి ఉంటుందో, ఎందుకు కాల్ చేసి ఉంటాడో కూడా వివరిస్తారు. అలాంటి వ్యాఖ్యానం విన్నప్పుడు ప్రేక్షకుడికి కాలింగ్ స్టేషన్ అంటే ఏమిటో తెలుస్తుంది, ఆడినవాడికి తల దించుకోవలసిన పని ఉండదు.